ఆన్ డ్యూటీ కాగితం

ఆటల్లో నాకు ఓనమాలు తెలియవు. ఎనభైల్లో నరసరావుపేటలో ఒక కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని. ఆటలు చూసే పీడీ గారు రిటైరై రెండేళ్ళయినా ఆ పోస్టు నింపలేదు. ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే వెంట ఆడమనిషి ఉండాలి కనుక, ప్రిన్సిపాల్ గారు సాఫ్ట్‌బాల్‌ని నా నెత్తిన పెట్టారు.

గేమ్స్ ఫీజు ఆడపిల్లల దగ్గరా వసూలు చేసేవారు. అది మగపిల్లల క్రికెట్‌కే చాలేది కాదట. మాకు దక్కినవి ఒక బ్యాటు, నాలుగు గ్లవ్స్. ఫీల్డింగ్‌కి దిగినప్పుడల్లా మిగతా అయిదూ అవతలి జట్టును అడుక్కోవాలి. అడగడం నా పని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మా జట్టులో బంతి విసిరేది ఒక లారీ మెకానిక్ కూతురు. ఆ పిల్ల చెయ్యి కిందనుంచి తిప్పి విసిరితే ఎదుటివాళ్ళకి బ్యాటు ఊపే వ్యవధి ఉండేది కాదు. టోర్నమెంటుకి పంపమని వాళ్ళింటికి వెళ్ళి అడిగాను.

"ఆటదేముందిలేమ్మా. సదువు పోదుగా?" అన్నాడు తండ్రి, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

"పూచీ నాది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

గుంటూరులో నాలుగు రోజులు ఆడి, సెమీఫైనల్లో ఓడి వచ్చాం. పరీక్షల ముందు హాజరు చాలనివాళ్ళ లిస్టు బోర్డు మీద పెట్టారు. అందులో ఆ పిల్ల పేరుంది. తల్లి జబ్బుకి అప్పటికే కొన్నాళ్ళు మానింది. తక్కువ పడినవి సరిగ్గా ఆ నాలుగు రోజులే. నా బదులు క్లాసు తీసుకున్నాయన నా రిజిస్టర్లోనే ఆబ్సెంట్ వేశాడు.

కాలేజీ పని మీదే వెళ్ళింది కనుక ఆ నాలుగు రోజులకీ హాజరు వేయమని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆన్ డ్యూటీ కాగితం మీద పీడీ సంతకం ఉండాలమ్మా" అన్నారు.

"పీడీ లేరు కదండీ."

"అదేనమ్మా నేనూ చెప్పేది."

"వెంట వెళ్ళింది నేను. నేను పెడతాను సంతకం."

"మీది చెల్లదమ్మా."

అవే నాలుగు రోజులు నాకు ఆన్ డ్యూటీ వేసింది ఆయనే. ఆ మాటే అన్నాను. "మీరు స్టాఫు గదా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. మండి ఏం చేయను? యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, హాల్‌టికెట్టూ రాలేదు.

తండ్రి కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇంకేం చెయ్యలేమా అమ్మా?" అని ఒక్కసారి అడిగి వెళ్ళిపోయాడు.

పరీక్షలు మొదలైన రోజు ఆ పిల్ల స్టాఫ్‌రూమ్‌కి వచ్చి గ్లవ్ నా బల్ల మీద పెట్టింది.

"ఇది కాలేజీది మేడం. వచ్చే ఏడు తీసకపోయే పిల్లలకి ముందే చెప్పండి, హాజరు పోద్దని."

చెబుతానన్నాను.

మరుసటి ఏడూ పీడీని వేయలేదు. జట్టు వెంట వెళ్ళింది నేనే. జట్టుకి తొమ్మిదిమంది కావాలి, చెబితే ఒక్కరూ రారు. నేను చెప్పలేదు.