లాల్‌దర్వాజా గల్లీకి వేసిన మందు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం: నక్షత్రం స్టిక్కర్ అంటిస్తే ఏ పిల్లయినా బుద్ధిగా మందు వేసుకుంటుందని. ఆస్తమా పిల్లలు ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతున్నారో లేదో చూసే ఉద్యోగం, పాతబస్తీలో ఓ చిన్న క్లినిక్‌లో కొత్తగా దొరికింది. (మెడలోని ఐడీ కార్డు స్నానానికి మాత్రమే తీసేదాన్ని.) నా గర్వమంతా లాల్‌దర్వాజాలోని ఎనిమిదేళ్ల బుడ్డి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు మందు పీల్చాలి; ఇంకా ఎన్నిసార్లకు మందుందో చూపే ఇన్‌హేలర్ మీది అంకె లెక్కప్రకారం తగ్గేది. ఇంట్లో టిక్కు పెట్టిన ప్రతి పూటకూ నేనో నక్షత్రం అంటించేదాన్ని, చార్టు నిండా నక్షత్రాలే. పిల్లికూతలు మాత్రం తగ్గలేదు. స్కూల్లో పరుగు పందేనికి పేరిచ్చిన బుడ్డి, మెట్లెక్కితేనే ఆయాసపడేది. "చార్టు మంచిగైంది, పిల్లనే మంచిగ కాలే," అన్నారు మా డాక్టర్ మేడం. నా మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లాను. గడపలో బుడ్డిని నిలబెట్టి, వాళ్ల నాయనమ్మ ఇన్‌హేలర్‌ను పిల్ల తలచుట్టూ మూడుసార్లు తిప్పింది. తర్వాత గల్లీలోకి తుస్సు తుస్సుమని రెండుసార్లు కొట్టి, శ్రద్ధగా చార్టులో టిక్కు పెట్టింది. అంటే ఇన్నాళ్లూ నేను నక్షత్రాలిచ్చింది గల్లీకన్నమాట!

"గిదేందవ్వా?" అన్నాను.

"లోపటికి పోతే అలవాటైతది గద బిడ్డా! గందుకే దిష్టి తీసి బయట ఇడుస్తున్న. అంకె తగ్గకుంటే నువ్వు మా కోడలితోని లొల్లి పెట్టుకుంటవంట. ఒక్కపూటన్న తప్పిందా?"

తప్పలేదు. తప్పంతా నాదే. పొద్దున్నే గాజుల షాపుకు పరుగెత్తే తల్లికి పాఠాలు చెప్పాను గానీ, మందు వేసేదెవరని ఒక్కసారీ అడగలేదు. అలవాటు కాదని అరగంటసేపు నచ్చజెప్పాను. అవ్వ వింటేగా! చివరికి బుడ్డే అంది: "గల్లీకి ఆయాసం లేదు నాయినమ్మా, నాకున్నది. నేను ఉర్కాలె."

అవ్వ లోపలికెళ్లి గుప్పెడు ఉప్పు తెచ్చింది. "సరే. ఉప్పుతోని దిష్టి తీస్త. మందు దాని నోట్లనే కొడ్త," అంది. చార్టులో ఒకటో నంబరు దిష్టి, రెండు మందు, మూడు నోరు పుక్కిలించడం అని రాశాను. (మేడం పగలబడి నవ్వి సంతకం పెట్టారు.)

రెండు నెలలకు జరిగిన పందెంలో బుడ్డి చివరి నుంచి రెండోది. అవ్వ ఎవరు గెలిచారో చూడనే లేదు. ఉరుకుతూ వెళ్లి మనవరాలి వీపుకు చెవి ఆనించి, "కూత లేదు బిడ్డా!" అని నాకు వినబడేలా అరిచింది. చేతిలో చార్టు పట్టుకుని మైదానం మధ్యలో గట్టిగా ఏడ్చేశాను. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పాపం, అన్నీ చదువుకుని వచ్చింది గానీ, అలా చెవి ఆనించి వినాలని ఆ ఐడీ కార్డు పిల్లకు అప్పటిదాకా తోచనే లేదు.