పదిహేడో నంబరు హాజరు

నా రెండు కళ్ల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

యుద్ధం రోజుల్లో విజయనగరంలో ఇంటర్మీడియెట్ చదివాను. మా లెక్కల మేష్టారిది ఒకటే సిద్ధాంతం. "క్లాసుకొచ్చినవాడు ఎలాగో నేర్చుకుంటాడు. రానివాడి దగ్గరికే మనం వెళ్లాలి" అనేవారు. ఎవడైనా మానేస్తే సాయంత్రం వాడి గదికొచ్చి, ట్రంకుపెట్టె మీద కూర్చుని పాఠమంతా మళ్లీ చెప్పేవారు. జ్వరమైతే క్వినైన్ తెచ్చేవారు. బజారులో దొరకని కాలమది. ఆయన తమ్ముడు ఆసుపత్రిలో కాంపౌండరు. ఒకడు అక్క పెళ్లికని రాజాం పోతుంటే, వాడి ఎడ్లబండెక్కి నెల్లిమర్ల దాకా త్రికోణమితి చెప్పి, నడిచి వెనక్కొచ్చారు. బండివాడికి కూడా సగం వచ్చేసిందట.

ఆ బాధ పడలేక ఒకరి హాజరు ఒకరం పలికేవాళ్లం. మేష్టారు పట్టీలోంచి తలెత్తకుండా నంబర్లు పిలిచేవారు. పది గొంతులు అనుకరించగలనని నాకు గర్వం.

నా గదిలో ఉండే పదిహేడో నంబరు శృంగవరపుకోట వైపు రైతుబిడ్డ. వానలు పట్టాక వాడికి చలిజ్వరం తగిలింది. గొంగళి కప్పుకుని, "ఒరే బావా, నా హాజరు నువ్వు పలికియ్యరా. జొరం సంపకపోయినా ఆయన లెక్కలు సంపేస్తాయి" అన్నాడు.

పలికాను. నాలుగు రోజులు పలికాను.

ఐదోరోజు పొద్దున వాడికి స్పృహ లేదు. మేష్టారింటికి పరిగెత్తాను. ఆయన చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా వచ్చి వాడి నుదురు ముట్టుకున్నారు.

"ఎన్నాళ్లయిందిరా?"

"ఐదు రోజులండి."

"నిన్న కూడా పలికేడు కదరా."

మధ్యాహ్నానికి వాడు పోయాడు.

మర్నాడు క్లాసులో మేష్టారు పదహారు దాకా పిలిచి ఆగారు. కొట్టలేదు, తిట్టలేదు. "నాలుగు రోజులు గొంతు విన్నానర్రా. మొహం చూళ్లేదు. ఇన్నాళ్లూ నేను చెప్పిందేటి?" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ నంబర్లు పిలవలేదు. పట్టీ పట్టుకుని బెంచీ బెంచీకీ నడిచి, మొహాలు చూసి హాజరు వేసేవారు. ఇప్పుడు మేష్టర్నై నేనూ అలాగే వేస్తున్నాను.

ఇక ఒట్టు సంగతి. నెల్లిమర్ల బండి నిజమే. కల్పించింది ఒక్క మాట. హాజరు పలకమని వాడు నన్నడగలేదు. "మేష్టారికి సెప్పు బావా, ఓపాలి రమ్మను" అన్నాడు. ఆయనొస్తే నేనూ కూర్చుని పాఠం వినాలి. పక్కగదిలో పేకాట సాగుతోంది.