గేరు దించమన్న మస్తాన్‌బీ

పొద్దున్నే కారు రోడ్డెక్కించి కాలు కాస్త గట్టిగా నొక్కితే ఇంజిన్లోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తుంది. అద్దం దించి ఉంటే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కూడా లోపలికి వస్తుంది. ఆ రెండూ కలిస్తే నాకు మస్తాన్‌బీ తిట్లు గుర్తొస్తాయి.

మస్తాన్‌బీ మా పక్కింటి మనిషి. జాకెట్లు కుట్టి, అద్దంకి, వినుకొండ కొట్లకు తన కారులోనే తీసుకెళ్ళి వేసేది. మా ఆయనకు కిడ్నీలు పాడై గుంటూరులో డయాలసిస్ మొదలైంది. చూపు కూడా మందగించింది. మిరప కోతలప్పుడు బాడుగ కారు దొరకదు, ఒక్క వాయిదా తప్పినా ఆయనకు కాళ్ళు ఉబ్బి ఆయాసం వస్తుంది. చిన్న ఇంజిను, టర్బో ఉంది, మైలేజీ బాగా ఇస్తుందని ఆయన ముచ్చటపడి కొన్న కారేమో రేకుల కింద ఊరికే పడి ఉంది. నేను చదివింది ఐదో తరగతి. అయినా నేర్చుకుని తీరాలనుకున్నాను.

"నేర్పుతాను అక్కా, కానీ తిడతాను," అంది మస్తాన్‌బీ.

"తిట్టు. నాకు రావడం కావాలి," అన్నాను.

పై గేరులో వెళ్తే పెట్రోలు తక్కువ తాగుతుందని ఎవరో అనగా విన్నాను. బండి కదిలిందో లేదో ఐదో గేరు వేసేదాన్ని. కారు గడగడ వణికేది.

"అక్కా, అది ఏడుస్తోంది."

"ఏడవనీ. పెట్రోలు మిగులుతుంది."

"మిగలదు. చిన్న ఇంజిను ఇది, జోరుగా తిరిగితేనే టర్బో గాలి తోస్తుంది, అప్పుడే బలం. పీక నొక్కి పరిగెత్తమంటే ఎట్టా? గేరు దించు. సాఫీ రోడ్డు మీద ఎంతైనా ఆదా చేసుకో. ముందు బండిని దాటేటప్పుడు మాత్రం వద్దు. అక్కడ పిసినారితనం చేస్తే మిగిలేది పెట్రోలే, మనం కాదు."

దించడమంటే తగ్గడమని నా లెక్క. దించితే బలం పెరగడమేమిటో నా బుర్రకు చాలా రోజులు ఎక్కలేదు.

ఒకరోజు తెల్లారేసరికి ఆయనకు ఆయాసం ఎక్కువైంది. మస్తాన్‌బీ సరుకుతో వినుకొండ వెళ్ళింది. నేనే ఆయన్ని ఎక్కించుకుని గుంటూరుకు బయల్దేరాను. పెద్ద రోడ్డు ఎక్కకముందే సగం రోడ్డు ఆక్రమించుకుని పత్తి ట్రాక్టరు ఒకటి అడ్డమైంది. అలవాటుగా ఐదో గేరులోనే నొక్కాను. కారు మూలిగిందే గానీ ముందుకు పోలేదు. పక్కన ఆయన ఊపిరి కూడా అలాగే ఉంది. ఎదురుగా లారీ వస్తుంటే మళ్ళీ ట్రాక్టరు వెనక్కే వచ్చాను. రోడ్డు ఖాళీ అయ్యాక మూడో గేరుకు దించి నొక్కాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఎవరో వెనకనుంచి తోసినట్టు కారు దూకింది. ట్రాక్టరు వెనకబడిపోయింది.

"బాగా తాగుతున్నట్టుందే," అన్నారు ఆయన, ఆ ఆయాసంలోనే.

"తాగనివ్వండి," అన్నాను. నా నోట అలాంటి మాట ఆయన అంతకుముందు వినలేదు.

సాయంత్రం మస్తాన్‌బీ ఫోను చేసింది. "బావగారెలా ఉన్నారు?"

"తేరుకున్నారు. నిద్రపోతున్నారు."

"దారిలో దేన్నైనా దాటావా?"

"పత్తి ట్రాక్టరుని."

"ఏ గేరు?"

"మూడు."

"ఇంక నేను నీ పక్కన కూర్చునే పని లేదక్కా," అంది.

నిరుడు గుండెపోటుతో పోయింది మస్తాన్‌బీ. నేను ఇప్పటికీ అన్నం మెతుకు పారేయను, ఖాళీ గదిలో లైటు వెలగనివ్వను. కానీ పెట్టాల్సిన చోట చెయ్యి వెనక్కి లాగను. ఆయన డయాలసిస్ వాయిదా ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు.