పిల్లికి అయిదో వంతు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఉద్యోగం వచ్చిన మనిషికి ఇక ఎవరి దయా అక్కర్లేదన్నది ఒకటి. చదువుకున్న పిల్ల ప్యాకెట్టు మీద రాసింది చదివి చెబితే ఇంట్లోవాళ్ళు వింటారన్నది రెండోది. రెండూ ఒకే ఏడాదిలో, టాటానగర్ పక్క కద్మాలో మా పెద్దమామయ్యగారి క్వార్టరు వరండాలోనే గంగలో కలిశాయి. ఇప్పుడెవరైనా కొత్తగా కొలువులో చేరిన అమ్మాయి నా ముందు మెడ నిక్కించి మాట్లాడితే నాకు కోపం రాదు. పోనీలే పాపం, దీనికింకా ఏ మామయ్యా తగల్లేదు అనుకుని ఊరుకుంటాను.

మా నాన్నది రైల్వే ఉద్యోగం. నేను పుట్టి పెరిగింది టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో. కద్మాలో ఓ చిన్న ప్రైవేటు బడిలో పురిటి సెలవు మీద వెళ్ళిన టీచరమ్మ బదులు నన్ను తీసుకున్నారో లేదో, నాన్నకు ఖుర్దా రోడ్డుకు బదిలీ వచ్చింది. అమ్మ గిన్నెలు గోనె సంచిలో కడుతూ, నా ఒళ్ళో ఉన్న పిల్లిని చూపించి, "దీన్ని మాత్రం నాను మొయ్యనే తల్లీ. నీ పిల్లి, నీ ఇష్టం" అంది. దాని పేరు ముద్ద. వానాకాలంలో యార్డు గోడ పక్కన తడిసి ముద్దయిపోయి దొరికింది కాబట్టి ఆ పేరు. దూదితో పాలు పిండి బతికించుకున్నాను. ఆ వయసులో ఇది నాది అని చెప్పుకోవడానికి నాకున్న ఆస్తి అదొక్కటే. ఊళ్ళో ఆడపిల్లల హాస్టళ్ళన్నీ తిరిగాను. నన్ను రమ్మన్నవాళ్ళు పిల్లిని వద్దన్నారు. (ఒకావిడ మాత్రం పిల్లిని ఉంచుకుంటానంది, ఎలకల బెడద ఎక్కువట. నాకు మాత్రం చోటు లేదంది.) చివరికి మిగిలింది మామయ్య ఇల్లే. ఆయన మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, "నువ్వుండు, నీ పిల్లీ ఉండొచ్చు. కానీ ఈ ఇంటికి ఒక పద్ధతుంది. అది నచ్చకపోతే ఇద్దరికీ గేటు తీసే ఉంటాది" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. ముద్ద ఆవలించింది.

ఆ పద్ధతేమిటో చెప్పాలి. మామయ్య అక్కడి ఉక్కు కంపెనీ స్టోర్స్‌లో పనిచేసేవాడు. ఏ విభాగానికి ఏ సామాను కావాలన్నా ఇండెంట్, అంటే కావలసినవి రాసిన కాగితం, పెడితే తప్ప మేకు కూడా ఇవ్వని చోటు అది. మా కుర్రకారంతా ఆయన్ని వెనకాల 'ఇండెంట్ మామయ్య' అనేవాళ్ళం. ఆయన దృష్టిలో లోకంలో సగం దరిద్రం ఒకే పనికి రెండు రకాల సరుకులు కొనడం వల్ల వచ్చింది. అందుకని ఇంట్లో గిన్నెలు తోమేది తప్పితే ఒకే సబ్బు. దానితోనే ఒళ్ళు, దానితోనే బట్టలు, దానితోనే బ్రూనో. (బ్రూనో అంటే ఆయన కుక్క. భోజనానికి ముందు మామయ్య చేసే ప్రార్థన ఎంత పొడుగైనా కళ్ళు మూసుకు కూర్చుని, 'ఆమేన్' అన్నాకే కంచంలో మూతి పెట్టేది. మా అందరిలోకీ భక్తి దానికే ఎక్కువని పాస్టరుగారు కూడా మెచ్చుకునేవారు.) అత్తకూ, వాళ్ళ కూతురు బేబీకీ, పనిమనిషికీ జుగ్సలాయి బజార్లో హోల్‌సేల్‌గా కొన్న ఒకే సైజు చెప్పులు. వరండాలో పంజరం నిండా లవ్‌బర్డ్స్, హాల్లో చేపల తొట్టె. నేను వెళ్ళేసరికి ఈ జీవులన్నిటికీ కలిపి ఒకే బస్తా ఉండేది. కుక్క బిస్కెట్లు, కొర్రలు, ఎండు రొయ్యపొట్టు కలిపి దంచిన పొడి. కుక్కకి గుప్పెళ్ళతో, పిట్టలకి చెంచాతో, చేపలకి చిటికెతో. బ్రూనో కొర్రలు తిని కొర్రలే వదిలేది. చేపల తొట్టె పులుసు రంగుకు తిరిగింది. ఓ పొద్దున రెండు చేపలు వెల్లకిలా తేలితే మామయ్య వాటిని చీపురు కట్టతో అటూ ఇటూ కదిపి చూసి, "సరే, రైటాఫ్" అన్నాడు. పనికిరాని సామాను లెక్కలోంచి కొట్టేసినప్పుడు స్టోర్స్‌లో వాడే మాట అది.

ఆ చేపల మీద జాలి కొద్దీ నేను నోరు తెరిచాను. ఒక్కో జీవికి ఒక్కో తిండి ఉంటుందని, ప్యాకెట్ల మీద అంతా రాసి ఉంటుందని, కాస్త చూసి మంచివి ఎంచుకోవచ్చని అన్నాను. మామయ్యకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్ళజోడు సవరించుకుని, "అయితే కమిటీ ఏద్దాం. నువ్వే కమిటీ" అన్నాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బడి వదలగానే షేరింగ్ ఆటో ఎక్కి సాక్చి, బిష్టుపూర్, జుగ్సలాయి తిరిగేదాన్ని. మూడు కొట్ల నుంచి మూడు ధరలు, అంటే కొటేషన్లు, తేవాలి. అట్టల వెనక చీమతలకాయంత అక్షరాలు చదివి, దేనిలో మాంసం ఎంతో, దేనిలో ఉప్పెక్కువో, పిట్టల గింజల్లో పురుగుందో లేదో చూసి, భోజనాల దగ్గర పరీక్షకు కూర్చున్నదాన్లా ఒప్పజెప్పేదాన్ని. మామయ్య అంతా శ్రద్ధగా విని, "చాలా బాగా సెప్పేవు పాపా" అని మెచ్చుకుని, అన్నిటికంటే చవకైనదే కొనేవాడు. దాన్ని 'ఎల్-వన్' అంటారట. బేబీ కంచంలోంచి తలెత్తకుండా, "దీదీ, క్యోం మెహనత్ కర్తీ హో? పాపా కా డిసైడెడ్ రహతా హై" అనేది. ఎందుకే అక్కా నీకీ చాకిరీ, నాన్న ముందే తేల్చేసుకుంటాడు అని. పదో తరగతి పిల్లకు తెలిసింది డిగ్రీ చదివిన నాకు తెలియలేదు.

ఎండాకాలం వచ్చింది. బ్రూనోకి పిడుదులు పట్టాయి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో, ఎక్కడ చూసినా అవే. ముద్ద కూడా మెడ గోక్కోవడం మొదలెట్టింది. కమిటీ బయల్దేరింది. కుక్కకు వీపు మీద చుక్కలుగా వేసే మందు ఒకటి, పిల్లులకు విడిగా తయారుచేసింది ఒకటి, రెండూ ఎంచి పెట్టాను. కుక్క మందు అట్ట మీద పిల్లి బొమ్మ గీసి, దాని మీద ఎర్రగా అడ్డంగా కొట్టేసి ఉంది. అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా అర్థం కావాలని వేసిన బొమ్మ అది. మామయ్యకు చూపించాను.

"మామయ్యా, ఇది పిల్లికి వెయ్యకూడదు. ప్రాణం మీదకొస్తుందట. దానికి వేరేది ఉంది, ఇదిగో."

"పురుగొకటే గదా?"

"పురుగొకటే. ఒళ్ళు వేరు గదా మామయ్యా."

"ఒక పనికి రెండు ఐటమ్‌లా? ఆడిట్‌వోడు మెడ కోసీగలడు" అన్నాడు. (ఇంట్లో ఆడిట్ చేసేదెవరని నేనడగలేదు.) లేచి వెళ్ళి బాత్రూమ్ దగ్గరున్న బరువు చూసే మిషను తెచ్చాడు. బ్రూనోని ఎత్తుకుని ఎక్కాడు, ముద్దని ఎత్తుకుని ఎక్కాడు, తనొక్కడూ ఎక్కాడు, తీసివేతలు చేశాడు. "సూడు పాపా. నీ పిల్లి నా కుక్కలో అయిదో వంతు. మందూ అయిదో వంతే. ప్రోరేటా లెక్క. ఇందులో ఇంక బొమ్మేటి, గీతేటి? లాయర్లకి బయపడి ఏసుకున్న బొమ్మలివి."

నేను వద్దన్నాను. గట్టిగానే వద్దన్నాను. ఆయన నవ్వి, "సరే సరే, నీ పిల్లి జోలికి నానెందుకొత్తాను?" అన్నాడు. నేను నమ్మాను. నమ్మక చేసేదేముంది, పొద్దున్నే బడికి వెళ్ళాలి కదా.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికొచ్చేసరికి ముద్ద వంటింటి గడప దగ్గర పడుకుని ఉంది. చెవులు టపటపా కొట్టుకుంటున్నాయి. ముట్టుకుంటే ఒళ్ళంతా కరెంటు పట్టుకున్నట్టు అదిరింది. లేవబోయి పక్కకు ఒరిగింది. మెడ మీద జుట్టు జిడ్డుగా అంటుకుపోయి, ఆ మందు కంపు. మామయ్య వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏం వేశారు దీనికి?"

"లెక్కపెకారమే ఏసేను. పిచికారీతో కొలిసి మరీ ఏసేను. మందు పనిసేత్తంది, అంతే" అన్నాడు. నేను ఏడుపు గొంతుతో అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. దానికాయన పేపరు మడిచి, చాలా ఓపిగ్గా, నాకు ధైర్యం చెబుతున్నట్టుగానే అన్నాడు: "ఏటవుతాదే? మహా అయితే రైటాఫ్. ఈదికో పిల్లి దొరుకుతాది."

ఇంత వయసొచ్చింది, ఎన్నో మాటలు పడ్డాను. చాలావాటిని మరిచిపోయాను కూడా. ఈ మాటను మాత్రం క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

అప్పుడు వంటింట్లోంచి అత్త వచ్చింది. మా అత్త మాట్లాడే మనిషి కాదు. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ గొంతు ఆ ఇంట్లో పాత్రల చప్పుడులో కలిసిపోయే ఉండేది. గోరువెచ్చని నీళ్ళ బకెట్టు, గిన్నెలు తోమే సబ్బు తెచ్చి నా పక్కన చతికిలబడింది. "కడగవే. ఏడుపు తరవాత, ముందు కడుగు" అంది. ఇద్దరం కలిసి ముద్ద మెడ రుద్దాం. అది నా ముంజేతులు చీరేసింది. మామయ్య, "ఆ సబ్బు గిన్నెలకి గదే" అన్నాడు. అత్త తలెత్తింది.

"జుగ్సలాయిలో చవగ్గా వచ్చాయని నాకూ బేబీకీ ఒకే సైజు చెప్పులు కొన్నారు. పాతికేళ్ళబట్టి ఇలాగే కాలికి సరిపోని చెప్పులు ఈడ్సుకుంటా నడుత్తన్నాను. నాకు నోరుంది, అయినా మాటాడలేదు. దీనికి నోరే లేదు గదండీ. దీన్ని కూడా నా లెక్కలోనే ఏసీసేరా?"

మామయ్య పేపరు మళ్ళీ తెరిచాడు. అత్త తన పాత చీరలో ముద్దను చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా నాతో ఆటో ఎక్కింది. దారంతా ఎండ. ఒళ్ళో ముద్ద ఆగి ఆగి ఎగిరెగిరి పడుతోంది. నేను దేవుణ్ణి అడగాల్సినవన్నీ అడిగేశాను, ఇవ్వలేనివన్నీ ఇస్తానని మొక్కేశాను. పశువుల డాక్టరు ఒక బెంగాలీ పెద్దాయన. మందు పేరు వినగానే మమ్మల్ని పట్టించుకోకుండా సూది అందుకున్నాడు. వణుకు తగ్గడానికి ఇంజెక్షన్లిచ్చి, మళ్ళీ కడిగించి, బల్ల మీద పడుకోబెట్టాక అడిగాడు, "ఎవరు వేశారు? ఎంత వేశారు?" అని. బరువులో అయిదో వంతు లెక్క గురించి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. "బిల్లీ కోయీ ఛోటా కుత్తా నహీ హై, మేడమ్" అన్నాడు. పిల్లి అంటే చిన్న కుక్క కాదమ్మా అని. ఈ లెక్క నాది కాదని చెబుదామనుకున్నాను. అత్త వైపు చూసి మానేశాను.

సాయంత్రానికి వణుకు తగ్గింది. చీకటి పడేవేళకు కళ్ళు తెరిచి, నన్నే కరవబోయింది. "హా, అబ్ ఠీక్ హై" అన్నాడు డాక్టరు, ఇక ఫరవాలేదని.

మర్నాడు ఆదివారం. మా తెలుగు చర్చిలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉండేది. ఆ వారంలో దేవుడు ఎవరికి ఏ మేలు చేస్తే వాళ్ళు లేచి నలుగురిలో చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం పర్మనెంట్ అయినవాళ్ళు చెప్పాక, మగవాళ్ళ వైపు నుంచి మామయ్య లేచాడు. తెల్ల చొక్కా గుండీలు సవరించుకుని, గొంతు తగ్గించి మొదలెట్టాడు. "ప్రియులారా, నిన్న నా గృహములో ఒక మూగజీవి మరణపు అంచువరకూ వెళ్ళింది. మందు నిండుగా వేసియుంటే ఆ జీవి ఈ రోజు ఉండేది కాదు. కానీ ప్రభువు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అయిదో వంతు చాలు కుమారుడా, అన్నాడు." ఆయన కంట్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. హాలంతా ఒక్కసారిగా "స్తోత్రం!" అంది.

ముందు వరసలో పెద్దావిడ వెనక్కి తిరిగి, "నీ పిల్లేనటగా పాపా? స్తోత్రం సెప్పు మరి" అంది. అందరూ నావైపే చూస్తున్నారు. పంటికింద నిజం పెట్టుకుని కూర్చున్నాను. అది బయటికొస్తే ఆ సాయంత్రమే గేటు తీసి ఉంటుంది. ముద్ద ఇంకా సరిగ్గా నిలబడలేకపోతోంది. పైట చెంగుతో ముంజేతుల మీది గీట్లు కప్పుకుని, "స్తోత్రం!" అన్నాను. చిన్నగా కూడా కాదు, కిటికీ అద్దాలు అదిరేలా అన్నాను. మామయ్య సంతృప్తిగా తలూపాడు. నా పక్కన అత్త పెదవి కదపలేదు. ఎదురుగా గోడను చూస్తూ కూర్చుంది. పెద్దావిడ రెండుసార్లు ఆవిడ మోచెయ్యి పొడిచినా నోరు విప్పలేదు.

టీచరమ్మ మళ్ళీ రాకపోవడంతో నా ఉద్యోగం నిలిచింది. ఏడాది తిరక్కుండా సోనారీలో ఒక గది అద్దెకు తీసుకుని, ముద్దని చంకనేసుకుని వెళ్ళిపోయాను. అది నా దగ్గరే ముసలిదై పోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఒక కుక్క, రెండు పిల్లులు, ఎవరో వదిలేసిన కుందేలు ఉన్నాయి. నలుగురికీ నాలుగు అరలు. కొట్లో నేను అట్టలు తిప్పి తిప్పి చదువుతుంటే సేట్ జీ కుర్చీ వేసి, టీ తెప్పించి, తన పని తాను చూసుకుంటాడు. అప్పుడప్పుడు ఆ హాల్లో గొంతు చించుకుని స్తోత్రం అన్న పిల్ల గుర్తొస్తుంది. ఏడాదిలో వెళ్ళిపోబోయే తనేమో అంత గట్టిగా అరిచింది. చచ్చేదాకా అక్కడే ఉండాల్సిన అత్త మాత్రం అననే లేదు. పిచ్చిమొహంది, ఆ రోజుల్లో ఆ ఇంట్లో పెద్ద ధైర్యవంతురాలు తనేననుకునేది.