తాడు విడిచినాక

పోయిన ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు, సూళగిరి దాటినాక కొండ కింద ఉండే బీడులో మా రిమోటు విమానాల కూటం మొదలైంది. ఆనాటి ఫోటోలు ఈ పొద్దు ఎవరో ఫోనుకు పంపినారు. అన్నిట్లోనూ నా తమ్ముడి గ్లైడరే. నా విమానం ఒక్కదాంట్లో ఉంది, అదీ తోక మాత్రం. అందుకే రాస్తున్నా.

తెలియని వాళ్లకు చెప్తాను. గ్లైడరుకు ఇంజను ఉండదు. తమ్ముడిది రెక్కలు బిగిస్తే మా వసారాలో పట్టదు. మనిషి ఎక్కేది లేదు గానీ చూసేదానికి నిజం విమానమే. ఇంజనుండే నా విమానం తాడు కట్టి దాన్ని మీదికి లాక్కొని పోవాల. కొండ తలను దాటినాక వాడు తాడు విడుస్తాడు. ఆడినుంచి అది వేడిగాలిలో గద్దలతో కలిసి తిరుగుతుంది, జనం తలలెత్తి చూస్తారు. నాది గుర్రుమంటా దిగి, ఇంకొకరి తాడు కోసం నిలబడుతుంది. నాకు కడుపుమంట. దాచేదేముంది? వాడు బడికి, నేను ఆవుల వెనక పోయిన కాలంలోనే అది పుట్టింది. నాకు అక్షరాలు వచ్చింది ఫ్యాక్టరీలో చేరి, మీసం నెరిసినాకనే.

ఆ పొద్దు అడిగేసినాను. "రేయ్, ఈసారి గ్లైడరు నాకియ్యి. నువ్వు లాగు."

"నాకు లాగేది యాడొచ్చన్నా? నువ్వే లాగు. మీదికి పోయినాక నా రిమోటు నీ చేతికిస్తా."

"పోయినాక మనసు మార్చుకుంటావు."

కుర్చీలో కూర్చోనుండిన వాడి భార్య నవ్వింది. "ఇచ్చేయండి. లేకుంటే బావకు ఈ పొద్దు అన్నం దిగదు."

ఎండెక్కినాక లాగినాను. వాడు తాడు విడిచినాడు, నేను నాది దించినాను. మాట ప్రకారం రిమోటు నా చేతిలో పెట్టినాడు. గ్లైడరు గద్ద పక్కనే చుట్టు తిరుగుతా ఉంది. చప్పుడే లేదు. ఎన్నేండ్లుగానో దేన్ని చూసి కుళ్లుకున్నానో అది చేతికొచ్చింది. అంతలో నా ఎడమ బొటనవేలు తనపాటికి తాను రిమోటు మీది స్టిక్కును కిందికి లాగేసింది. నా విమానంలో, తాడు విడిచినాక ఆ స్టిక్కుతోనే ఇంజను తగ్గించి దిగేది ఆ వేలికి అలవాటు. గ్లైడరులో ఆ స్టిక్కుకు ఉండేది రెక్కల మీద లేచే బ్రేకులు. గద్ద మీదికి పోయింది, మాది రాయి మాదిరి కిందికొచ్చింది.

"అన్నా, స్టిక్కు మీదికి తోయి. తోసి ఊరికే ఉండు."

"ఊరికే ఎట్లుండేది రా?"

తోసినాను. వేలు మళ్లా లాగింది. మళ్లా తోస్తే మళ్లా లాగింది. వాడు చెయ్యి చాపినాడు. ఇచ్చేసినాను. చింతచెట్ల ఎత్తుకు వచ్చేసిన దాన్ని వాడు పువ్వు మాదిరి దించినాడు.

మధ్యాన్నం మళ్లా నేనే లాగినాను. వాడు కుర్చీలో వెనక్కి ఆనుకొని, ఒక చేత్తో టీ తాగుతా, గ్లైడరును ఆకాశంలోనే ఉంచినాడు. గ్లైడరంటే నేనూ కొనుక్కోవచ్చు. అట్ల ఊరికే ఉండేది ఏ అంగట్లో దొరుకుతుంది?

ఆ పొద్దు ఆడ ఉండినవాళ్లం: నేను, నా తమ్ముడు, వాడి భార్య, తాళ్లు తగిలించిన మా అల్లుడు, కృష్ణగిరి నుంచి వచ్చిన పంటి డాక్టరు, తళి ఊర్లో పూలతోటలుండే అన్నదమ్ములిద్దరు, బీడు సొంతదారు ముసలామె. అందరికీ అదే ఆదివారం. తమ్ముడికి నిదానంగా గడిచింది, నాకు లాగేలోపల అయిపోయింది.