పోలిష్ టీచర్ మెడలో చామంతుల మాల

మొన్న శనివారం న్యూజెర్సీ ఎడిసన్‌లో పూజకి పూలు కొంటూ పసుపు చామంతులు రెండు కట్టలు కార్ట్‌లో వేశాను. కాలేజీ సెలవులకి వచ్చిన మా అమ్మాయి వాటిని తీసి మళ్లీ బకెట్‌లో పెట్టేసింది. "ఇవి వద్దు మా, ప్లీజ్" అంది. దీనికి పూల సంగతులు ఎప్పటినుంచి పట్టాయా అనుకున్నాను. కార్‌లో కూర్చున్నాక ఎందుకో చెప్పింది. విన్నాక కార్ తాళాలు దాని చేతికిచ్చేశాను. ఇంటిదాకా తనే డ్రైవ్ చేసింది.

దానికి తొమ్మిదేళ్లప్పుడు మా ఎదురింట్లో పోలండ్ నుంచి వచ్చిన ఒక పోలిష్ టీచర్ ఉండేవారు. ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్లయినా కోపం వస్తే సొంత భాషలోనే తిట్టేవారు. శనివారాలు చర్చి బేస్‌మెంట్‌లో తమవాళ్ల పిల్లలకి బృందగానం నేర్పేవారు. ఆ పిల్లలేమో సాకర్‌కనీ స్విమ్మింగ్‌కనీ ఒక్కొక్కరే జారుకుంటున్నారు. గొంతులు చాలక, మా డ్రైవ్‌వేలో పాడుకుంటూ సైకిల్ తొక్కుతున్న మా పిల్లని అడగడానికి వచ్చారు. "దానికి మీ భాష రాదండీ" అన్నాను. "మా పిల్లలకు మాత్రం వచ్చా ఏం?" అన్నారు. వెళ్లి వింటే నిజమే, వాళ్ల పోలిష్ అచ్చం మన పిల్లల తెలుగే! మాట తప్పు పలికితే చాలు, ఆవిడ పియానో మూత మీద టకటకా కొట్టి మళ్లీ అనిపించేవారు. పిల్లలంతా ఆవిడని "పాని" అని పిలిచేవాళ్లు, అంటే మేడమ్ అని. మా అమ్మాయి ఒక్కతే ఆంటీ అనేది. ప్రాక్టీస్ అయ్యాక వాళ్ల గసగసాల కేకు, నా పులిహోర. పులిహోరలో మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక తాతగారు, పై వారం అందరికంటే ముందు నా గిన్నె దగ్గరే నిలబడ్డారు.

మూడో ఏడు ఆవిడకి క్యాన్సర్ అని తెలిసింది. కీమో తీసుకుంటూ కూడా తలకి స్కార్ఫ్ కట్టుకుని వచ్చేవారు. నిలబడలేక కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపేవారు. మిగిలింది పదకొండు మంది పిల్లలు. వాళ్లతో వేసవిలోపు ఒక్క కచేరీ పూర్తిగా చేయించాలి, అదే ఆవిడ కోరిక. "అదొక్కటీ అయితే చాలు" అనేవారు, ఎప్పుడు పలకరించినా.

నేనేం చేయగలను? నాకు తెలిసింది గురువుకి మాల వేసి దండం పెట్టడం. కచేరీ రోజు మా అమ్మాయి ముందే చర్చికి వెళ్లిపోయింది. నేను ఇంట్లో కూర్చుని, ఆవిడ నూరేళ్లు బతకాలని దేవుణ్ని వేడుకుంటూ పసుపు చామంతులు నిండుగా కట్టాను. పాటలు మొదలయ్యే ముందు స్టేజి ఎక్కి ఆవిడ మెడలో వేశాను. ముందు వరసలో ఒక ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక పిల్లాడి తండ్రి విసురుగా లేచి మా వైపు రాబోతే, టీచర్ చెయ్యెత్తి ఆపేశారు. నా చేతులు రెండూ పట్టుకుని, "ఎంత బాగా కట్టావు!" అన్నారు. మాల తీయకుండానే గంటసేపు పాడించారు. అందరూ ఏడుస్తున్నారు. మన పద్ధతి చూసి ఎంత కదిలిపోయారో అని నేను మురిసిపోయాను. ఎంత తెలివితక్కువదాన్ని!

రెండు నెలలకి ఆవిడ పోయారు. అంత్యక్రియల నాడు నేను ఆఫీస్ పని మీద టెక్సస్ ప్లేనోలో ఉన్నాను. మా అమ్మాయి వెళ్లి మిగతా పిల్లలతో కలిసి పాడి వచ్చింది. ఆ తర్వాత బేస్‌మెంట్‌లో మళ్లీ పాట లేదు.

మొన్న కార్‌లో మా అమ్మాయి చెప్పింది ఇదీ. వాళ్లలో చామంతులు సమాధుల మీద పెట్టే పూలట. బతికున్న మనిషికి ఎవరూ ఇవ్వరట. ఏటా నవంబరులో, పోయినవాళ్లని తలుచుకునే రోజున, పాటల పిల్లలంతా శ్మశానానికి వెళ్లి పాడేవాళ్లు కాబట్టి ఆ సంగతి దానికి అప్పటికే తెలుసు. కచేరీ అయ్యాక అది ఏడుస్తూ టీచర్ దగ్గరికి వెళ్తే, "మీ అమ్మకి చెప్పకు. ఎలాగూ నాకు రావలసిన పూలే కదా! బతికుండగానే వాసన చూశాను, ఇంకెవరికి దక్కుతుంది?" అన్నారట.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"ఆంటీకి ప్రామిస్ చేశాను మా. బట్ ప్రతి పూజకీ నువ్వు అవే కొంటావ్. ఇంక చూడలేకపోయాను."

చావుతో పోరాడుతున్న మనిషి మెడలో చావు పూలు వేసి, నూరేళ్లు బతకమని దండం పెట్టాను. క్షమించమందామంటే ఆవిడ లేరు. పన్నెండేళ్ల పిల్ల, నా కడుపున పుట్టిన పిల్ల, ఆ మాట ఒక్కతే దాచుకుని పెరిగింది. ఆ రోజు హాల్లో నేను తప్ప అందరూ ఏడ్చారు. నా వంతు ఏడుపు నాకు ఏడేళ్లు ఆలస్యంగా వచ్చింది.