ముందు వైపు లిఫ్టు

వీధి చివర రొట్టె కొనడానికి వెళ్ళినా ఇవొనెచి పట్టు చొక్కా, ఎత్తుమడమల చెప్పులు, ముత్యాల కమ్మలు వేసుకునేది. బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో, ఆ భవనంలో సొంత ఫ్లాటున్న నల్లావిడ ఆమె ఒక్కతే. మామూలు బట్టల్లో కనిపిస్తే పనిమనిషి అనుకుంటారు. కాలు వాచిన ఓ ఉదయం మాత్రం రబ్బరు చెప్పులతో, చేపల సంచితో ముందు వైపు లిఫ్టు ఎక్కింది. ఆ భవనంలో కొత్తగా కాపురానికొచ్చిన తెల్లావిడ వచ్చి లిఫ్టు గుమ్మంలోనే ఆగింది.

"పనివాళ్ళ లిఫ్టు వెనకుంది, అమ్మాయ్."

అరవై దాటిన ఇవొనెచి తలుపు మూసుకోకుండా మీట నొక్కి పట్టుకుంది.

"తెలుసమ్మా, మీకంటే ముందునుంచీ ఇక్కడే ఉంటున్నా. చేపల వాసన పడకపోతే మీరే అందులో రండి."

ఆవిడ కాసేపు తటపటాయించి, లోపలికొచ్చి నిలబడింది.

మర్నాటికి వాపు తగ్గింది. అయినా ఇవొనెచి రబ్బరు చెప్పులతోనే రొట్టెకు బయలుదేరింది.